బకెట్‌కు వారం, బ్యాంకుకు అరగంట

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా వారం ఆగాలి. ఇది అక్క పెట్టిన నియమం. అక్కంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు. మా ఇద్దరి భర్తలూ పోయాక మేడమీది వాటాలో కలిసే అద్దెకుంటున్నాం. స్కూలు యూనిఫారాలు కుట్టుకుని బతుకుతున్నాం. బకెట్ పగిలితే కొవ్వొత్తి కరిగించి పూడ్చి వారం వాడతాం. అప్పటికీ కొత్తది కావాలనిపిస్తేనే కొంటాం. అలా మిగిల్చిందే బ్యాంకులో వేసుకున్నాం.

డిపాజిట్ గడువు తీరితే తిరిగి వేయడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్క మోకాళ్ళు ఆమెను మెట్లు దిగనివ్వవు. బ్యాంకులో టై కట్టుకున్న ఆఫీసరు కుర్చీ వేసి, చల్లటి నీళ్ళిచ్చాడు.

"మీరు మా అమ్మలాంటివారు. ఈ పథకంలో వెయ్యండి, రెట్టింపవుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. కాకపోతే ఇవాళే ఆఖరు."

బకెట్‌కు వారం ఆగేదాన్ని, అతను చూపించిన చోటల్లా అరగంటలో సంతకాలు పెట్టేశాను.

నెల తిరక్కుండానే మా కింది వాటా ఖాళీ అయింది. అక్క కూతురు ఫోన్‌లో తేల్చి చెప్పింది. "పిన్నీ, ఆ మెట్లతో అమ్మ ఇంక వేగలేదు. కింద ఇల్లు కుదిరితే సరే, లేకపోతే ఆదివారం కారు తెచ్చి నాతో తీసుకుపోతా."

అమ్మను, నాన్నను, కట్టుకున్నవాణ్ణి, అందరినీ గుమ్మం దాకా వచ్చి సాగనంపినదాన్ని. ఇంకొకరిని పంపే ఓపిక నాకు లేదు. కింది వాటాకు అడ్వాన్సు కట్టడం కోసం బ్యాంకుకు పరిగెత్తాను.

"ఐదేళ్ళ దాకా రాదమ్మా, అది ఇన్సూరెన్సు" అన్నాడు టై ఆఫీసరు.

"ఎప్పుడు కావాలంటే అప్పుడన్నావుగా!"

"ఐదేళ్ళ తరవాత ఎప్పుడైనా అని."

ఒళ్ళు మండిపోయింది. "నాకు డెబ్బై దాటాయి నాయనా. అప్పుడెవరి చేతికిస్తావు, నా ఫోటోకా?"

క్యాష్ కౌంటర్‌లో ఉన్నామె నన్ను చాటుగా పిలిచింది. "నెలలోపు వద్దని రాసిస్తే తిరిగివ్వాల్సిందే పిన్నిగారూ. ఊరుకోకండి."

అక్కడే నిలబడి రాసిచ్చాను. సర్వర్ పనిచేయడం లేదు, రేపు రమ్మన్నాడు టై ఆఫీసరు. మర్నాడు వెళితే మేనేజరు లేడన్నాడు. ఆ మర్నాడు ఇంక అడగలేదు. అతని ఎదురు కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాను.

"బాబూ, ఇంటికెళ్ళి వారం ఆలోచించుకుని అప్పుడు సంతకం పెట్టు. నన్నూ అమ్మా అనే పిలిచాడు."

ఒకతను పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ వెళ్ళకుండా పక్కనే నిలబడి వింది.

"అమ్మా, లేవండి. మా పని పాడవుతోంది" అన్నాడు టై ఆఫీసరు.

"మా కొంప కూలుతుంటే నీకు పని పాడైందా?"

గోలకు మేనేజరు గదిలోంచి వచ్చాడు. "పెద్దవారు, శాంతించండి. రేపు చూద్దాం."

"రేపు కుదరదు" అన్న గొంతు గుమ్మం దగ్గర వినపడింది. అక్క! బట్టల నిండా మెట్ల దుమ్ము. మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగి, పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వచ్చింది.

"జరగవే" అని నా పక్కన కూలబడింది. "మళ్ళీ మేడెక్కి దిగడం నావల్ల కాదు సార్. కింది వాటా తాళం చేతికొచ్చేదాకా ఇక్కడే ఉంటా. రాత్రికి దుప్పటి కూడా తెమ్మన్నాను."

హాల్లో ఎవరో నవ్వారు. మేనేజరుకు చెమట పట్టింది. నా కాగితం మీద అప్పటికప్పుడు సంతకం చేసి, ఎల్లుండికి ఖాతాలో పడుతుందన్నాడు.

"ఆ మాట మా ఇంటి ఓనరుకు మీరే చెప్పండి" అంది అక్క. మేనేజరు ఫోన్ తీశాడు.

ఆదివారం కారొచ్చింది. అక్క కూతురి చేత మంచమూ కుట్టుమిషనూ కిందికి మోయించాం.

"పిన్నీ, అమ్మ కోసం వస్తే నన్ను కూలీని చేశారా?" అని రొప్పుతూ నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. సామాను దిగినంతసేపూ ఆ టైవాణ్ణి తిడుతూనే ఉన్నాను.