కోరానికి ఒకరు తక్కువ

మరిది కాగితాలు తెచ్చేసరికి ఆమె నోట్లో గుండుసూదులున్నాయి. ఎప్పటిలాగే చదవకుండా సంతకం చేసి, చేతిలో ఉన్న జాకెట్టు పనిలో పడింది. పట్టణ సభలో ఈ వార్డు సభ్యురాలు ఆమే అయినా, రెండేళ్లుగా సమావేశాలకు వెళ్లేది మరిదే. "నీకెందుకొదినా ఆ గోల, నేనున్నాగా" అంటాడు.

అతను వెళ్లిన కాసేపటికి, కొలతలిస్తానన్న ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. టేపు వేయనివ్వలేదు.

"జాకెట్టు సంగతి తర్వాత. మా కాన్పుల గది తీసేసి మీటింగు హాలు కడతారట. ఇవాళే తీర్మానం. నువ్వు సంతకం కూడా చేశావటగా!"

"నేనా?"

"కాదు, నీ మిషను చేసింది."

ఆ గది లేకపోతే కాన్పుకు నది దాటాలి. ఆమె చెల్లెలు అలా వెళ్తూ దారిలోనే పోయింది. గది తెరిచింది ఆ మరుసటేడు.

మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి బయల్దేరింది. నర్సమ్మ కూడా వెంట నడిచింది.

సభ గుమ్మం దగ్గర ఆగి చూసింది. లోపల తన కుర్చీలో మరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మిగతా నలుగురు సభ్యురాళ్ల కుర్చీల్లోనూ భర్తలో కొడుకులో ఉన్నారు.

"ఏం వదినా, ఇంటి తాళం దొరకలేదా?" అన్నాడు మరిది. అందరూ నవ్వారు.

ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "అయ్యా, ఒకసారి హాజరు పిలవండి. పేరు పేరునా."

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నిండిన కుర్చీలు లెక్కపెట్టి రాసుకోవడమే అతని పద్ధతి. దగ్గి, పేర్లు చదివాడు. ఆమె పేరు రాగానే మరిది తడుముకోకుండా "హాజరు" అన్నాడు. గుమ్మం బయట నర్సమ్మ పకపకా నవ్వింది. ఈసారి లోపల ఎవరూ నవ్వలేదు.

తొమ్మిది మంది సభ్యుల్లో నిజంగా వచ్చింది నలుగురు. ఐదుగురుంటేనే కోరం, అప్పుడే తీర్మానం చెల్లుతుంది.

అధ్యక్షుడి గొంతు మెత్తబడింది. "రండమ్మా, మీరొస్తే సరిపోతాం. నచ్చకపోతే కాదనండి, ఎవరొద్దన్నారు?"

మరిది కుర్చీ ఖాళీ చేశాడు. బల్ల మీద తన పేరున్న పలక ఆమెకు అప్పుడు కనబడింది. వెళ్లి కూర్చోవాలనే అనిపించింది. కానీ కాదనడానికి తనొక్కతే, ఔననడానికి నలుగురు.

"నేను రాలేదని రాసుకోండి" అని గుమ్మం దగ్గరే వెనుదిరిగింది.

"ఇంటికేగా వస్తావు వదినా. అక్కడ మాట్లాడుకుందాం" అన్నాడు మరిది.

సభ వారానికి వాయిదా పడింది. మెట్లు దిగుతూనే ఆమె నర్సమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆ నలుగురు ఆడవాళ్లూ వస్తే మేం ఐదుగురం, వాళ్లు నలుగురే. మగవాళ్లు ఇళ్లకు చేరకముందే కలవాలి" అంది. ఇద్దరూ పరుగులాంటి నడకతో మొదటి ఇంటికి చేరారు. ఆమె తలుపు తట్టింది.

"ఆయన ఇంట్లో లేరండీ" అంది లోపలి గొంతు.

"ఆయన కోసం కాదమ్మా. నీకోసమే వచ్చాం."

గడియ వెంటనే తీయలేదు. వీధి మొదట్లో మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. ఆమె మళ్లీ తట్టింది, ఈసారి గట్టిగా.