ఎడమచేతి కత్తెర

చురక అని ఆ పిల్లకి పేరు పెట్టింది బొంతే. బొంత అని ఈ పిల్లకి పేరు పెట్టింది చురకే. ఒకటో తరగతిలో పెట్టుకున్న పేర్లు పదో తరగతికి వచ్చినా వదల్లేదు. చురక తండ్రి కత్తెరలకి సాన పట్టేవాడు. బొంత తల్లి బట్టలు కుట్టేది. రెండు కొట్లకీ మధ్య ఒకటే గోడ. తల్లికి చూపు మందగించాక కత్తిరించే పనంతా బొంత మీద పడింది. సుద్దగీత లేకుండా గుడ్డ మీద కత్తెర నడిపించగల చెయ్యి ఆ వీధిలో దానిదొక్కటే. ఆ కుడిచేతి మీదే ఆ ఇల్లు నడిచేది. ఈ సంగతి చురకకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇది మనసులో పెట్టుకుని తక్కినది వినండి.

బళ్ళో దొరసాని అని ఒకతి ఉండేది. ఏడంతస్తుల మేడ, పైన ఈత కొలను, వెనక ముగ్గురు చెలికత్తెలు. దొరసాని నవ్వితే వాళ్ళు నవ్వాలి, ఏం చేసినా చప్పట్లు కొట్టాలి. చురక చూపు వాళ్ళ మీద పడింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! సాన పట్టేవాడి కూతురికి మేడ మీద కొలను కావాల్సి వచ్చింది.

వాళ్ళవి చెయ్యి చేసుకునే ఆటలు. మధ్యాహ్నం విరామంలో ఎవరో ఒక పిల్లని స్నానాల గదిలోకి ఈడ్చేవాళ్ళు. తల కుళాయి కింద పెట్టి ఊపిరాడకుండా నొక్కేవాళ్ళు. పళ్ళకి తీగ కట్టించుకున్న ఒక పిల్ల చేత చిగుళ్ళు రక్తం కారేదాకా సుద్దముక్క కొరికించారు. మొదటి నెల చురక తలుపు దగ్గర కాపలా కాసింది. రెండో నెల చేతులు పట్టుకుంది. మూడో నెల కొట్టింది. మొదటి చెంపదెబ్బకి తన అరచెయ్యే మండింది. రెండోదానికి మండలేదు. దొరసాని చప్పట్లు కొట్టింది. ఆ పూట చురకకి అన్నం సయించలేదు, సంతోషంతో.

"ఒసే, వాళ్ళతో నీకెందుకే?" అని బొంత అడిగింది.

"నీకెందుకే కుళ్ళు?" అంది చురక.

అసలు గొడవ ఒక గౌను దగ్గర వచ్చింది. దొరసాని కొత్త గౌను వేసుకొచ్చి, అది విదేశంలో కొన్నదని కోతలు కోసింది. బొంతకి నోట్లో మాట ఆగదు. "అదేంటి, మా అమ్మే కదా కుట్టింది? నడుం దగ్గర పట్టలేదని రెండుసార్లు కుట్లు విప్పాం కూడా" అనేసింది. తరగతంతా పగలబడి నవ్వింది. దొరసాని మాత్రం నవ్వలేదు.

సాయంత్రం గేటు దగ్గర చురక భుజం మీద చెయ్యి వేసింది. "శనివారం మా కొలనుకి వస్తావా? అయితే రేపు దాని జడ తెచ్చి నా చేతిలో పెట్టు."

చురక ఆ రాత్రి నిద్రపోలేదని చెబితే మీరు జాలిపడతారు. హాయిగా నిద్రపోయింది. పొద్దున్నే లెక్క వేసుకుంది. బళ్ళో కత్తెరలు మొండివి, ఒత్తు జడ మీద జారతాయి, ఒక్క వేటుకి తెగకపోతే బొంత తిరిగి చూస్తుంది. తండ్రికి ఒక పద్ధతి ఉంది. సాన పట్టిన ప్రతి కత్తెరతో ఒక తడిగుడ్డని కొసదాకా కత్తిరించి చూసేవాడు, ఆ గుడ్డముక్కని కాగితం పొట్లం మీద కట్టి అరలో పెట్టేవాడు. గుడ్డ అంచు ఎంత నున్నగా ఉంటే కత్తెర అంత పదును. చురక అన్నిటికన్నా నున్నటి అంచున్న పొట్లం సంచిలో వేసుకుంది. లోపల ఎవరి కత్తెర ఉందో విప్పి చూడలేదు.

స్నానాల గదిలో విప్పింది. పిడికి ఎర్రదారం చుట్టి ఉంది. బొంత వేలు ఒరుసుకుపోతోందని ఆ దారం చుట్టింది తనే, పోయిన వేసవిలో. అది బొంత తల్లి కత్తెర. అప్పుడైనా ఆగొచ్చు. దొరసాని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆగలేదు.

బొంత అద్దం ముందు చేతులు కడుక్కుంటోంది. చురక వెనకనుంచి వచ్చి జడ పట్టి గుంజింది. తల వెనక్కి వాలిపోయింది. బొంత కెవ్వుమని అరిచి, జడ కాపాడుకోవడానికి కుడిచెయ్యి మెడ మీదికి తీసుకుపోయింది. చురక కళ్ళు మూసుకుని కత్తెర బలంగా నొక్కింది. ఏదో గట్టిది తగిలింది. ఇంకా నొక్కింది. కటుక్కుమంది. జడ చేతిలోకి ఊడి వచ్చింది, దాంతోపాటు వేడిగా రక్తం. చూపుడు వేలు తోలు పట్టుకుని వేలాడుతోంది. నడిమి వేలు ఎముక దాకా తెగింది. బొంత గోడకి జారుతూ అద్దంలోకి చూసింది. అద్దంలో చురక ముఖం ఉంది.

"ఛీ, నా బూట్లు!" అని దొరసాని ఎగిరి పక్కకి దూకింది. అంతా పరుగెత్తారు. చురక కూడా పరుగెత్తింది, జడ పట్టుకుని.

ఆస్పత్రిలో చూపుడు వేలు సగానికి తీసేశారు. నడిమి వేలు ఇక వంగదన్నారు. టీచర్లు గుచ్చి గుచ్చి అడిగినా బొంత, "వెనకనుంచి వచ్చారు, చూడలేదు" అనే చెప్పింది. చురక కత్తెర తుడిచి, మళ్ళీ పొట్లం కట్టి అరలో పెట్టేసింది. శనివారం కొలను ఒడ్డున కూర్చుంది. దొరసాని నీళ్ళలోకి దూకినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. ఎంత కొట్టినా ఇంకా గట్టిగా కొట్టమన్నారు.

మూడు వారాలకి బొంత కొట్టుకి వచ్చింది. చెవులదాకా మిగిలిన జుట్టు, కుడిచేతికి కట్టు. చురక తండ్రి సాన చక్రం ముందున్నాడు. చురక గుమ్మం పక్కన నిలబడి కుక్కిన పేనులా ఉంది.

"బాబాయ్, అమ్మ కత్తెర ఇస్తారా?"

ఆయన పొట్లం విప్పి, అలవాటు ప్రకారం ఒకసారి తెరిచి మూశాడు. కత్తెర పట్టేసింది. "నూనె వేసి పెట్టానే!" అంటూ స్క్రూ విప్పాడు.

"ఎడమచేతి కత్తెర అని ఉంటుందా బాబాయ్?"

"ఉంటుంది తల్లీ. పైదీ కిందదీ తారుమారు చేసి చేస్తారు. చెయ్యి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకో..."

స్క్రూ సందులో మూరెడు పొడవు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి, ఎండిన రక్తంతో అట్టలు కట్టి. ఆయన వాటిని చూశాడు. బొంత తల చూశాడు. తరవాత కూతుర్ని చూశాడు. ఆయన అరల్లో చెయ్యి పెట్టేవాళ్ళు లోకంలో ఇద్దరే.

"నువ్వా?"

చురక చేతులు వెనక్కి దాచుకుంది. ఆయన లేచి దాని కుడి మణికట్టు పట్టుకుని చక్రం దగ్గరికి ఈడ్చాడు. తిరుగుతున్న రాయికి వేళ్ళు అదిమాడు. తోలు లేచి రక్తం గోడ మీద చిమ్మింది. "నాన్నా!" అని చురక వీధి దద్దరిల్లేలా అరిచింది. ఆయన వదల్లేదు.

బొంత ఎడమచేత్తో చక్రం స్విచ్ కట్టేసింది.

"వద్దు బాబాయ్. దాని చేతులు రెండూ ఉండనివ్వండి" అంది. "వాళ్ళకి చప్పట్లు కొట్టాలి కదా."

విడిపోయిన కత్తెర ముక్కలు రెండూ, స్క్రూ, ఎర్రదారం ఏరుకుని వెళ్ళిపోయింది. చురక నెత్తురోడుతున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. రాయి ఇంకా కాసేపు తిరిగి ఆగింది.