చెరి సగం

వీధి చివర చిన్న ఆసుపత్రికి తాళం వేశారు. జనం పెద్దగా రావడం లేదట. ఆ సంగతి జబ్బులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అదే వీధిలో తోడికోడళ్ళిద్దరు బట్టలు కుట్టేవారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, వీళ్ళు ఒకే గదిలో రెండు మిషన్లు వేసుకుని, ఒకే దారాల డబ్బాతో ఏళ్ళు నెట్టుకొచ్చారు. పెద్దకోడలికి బీపీ. మాత్రలు కావాలంటే ఇప్పుడు రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి. వరసలో నిలబడేసరికే రోజు కాస్తా అయిపోతుంది. అలాంటి రోజుల్లోనే చిన్నకోడలికి తలనొప్పులు మొదలయ్యాయి.

"నాకూ మొదట్లో ఇలాగే ఉండేదే. బీపీయే," అని తేల్చేసింది పెద్దకోడలు. "ఇద్దరం పని మానుకుని పోతే ఈ గుడ్డలెవరు కుడతారు? నా మాత్రలో సగం వేసుకో."

"మరి నీకు చాలొద్దూ అక్కా?"

"నోర్మూసుకుని మింగు."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే పెద్దకోడలు, గుడ్డలు కత్తిరించే కత్తెరతోనే మాత్రను రెండు చేసేది. పెద్ద ముక్క ఎప్పుడూ చిన్నకోడలికే.

ఇవాళ చొక్కా చేతులు అతుకుతూ అతుకుతూ పెద్దకోడలు పక్కకు ఒరిగిపోయింది. కుడిచెయ్యి లేవలేదు. మూతి వంకర పోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "మాత్రలు రోజూ వేసుకునేదా?"

రోజూ అనబోయి ఆగింది చిన్నకోడలు. అబద్ధం చెబితే అక్కకు వైద్యం తప్పుగా జరుగుతుందేమో. "సగమే. మిగతా సగం నాకిచ్చేది."

డాక్టరమ్మ తిట్టలేదు. చిన్నకోడలి చేతికే బీపీ పట్టీ చుట్టి చూసింది. మళ్ళీ చూసింది. "నీకు బీపీ అని ఎవరన్నారు? ఉండాల్సినదానికంటే తక్కువే ఉంది." ఎదురుగోడ మీది అక్షరాలు చదవమంది. కింది వరసలు చిన్నకోడలికి అలుక్కుపోయినట్టు కనిపించాయి. "కళ్ళద్దాలు కావాలమ్మా నీకు. తలనొప్పి అందుకే. ఈ మాత్ర నీకు అక్కర్లేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు మింగింది ఒకరు, నాలుక పోయింది ఇంకొకరికి.

చిన్నకోడలికి ఏడుపు రాలేదు. ఏదో ఒకటి రావాలి కదా అని కాసేపు చూసింది. ఏమీ రాలేదు. వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

పెద్దకోడలు ఎడమచేత్తో ఆమె చెయ్యి తడిమింది. మాట ముద్దగా వచ్చింది. "నీకూ... చూశారా?"

"చూశారక్కా."

"ఎంతుందట?"

"నీకున్నంతే ఉందట. ఆ సగమే కాపాడిందట."

"నే చెప్పలా?" అంది పెద్దకోడలు. ఆ వంకర మూతితోనే నవ్వి, కళ్ళు మూసుకుంది.