తెరమీద పిన్ని

ఆ రోజు ఇంజనీరుగారి కాళ్లు నేలమీద నిలవలేదు. అతను పనిచేసే శీతల గోదాములో తలుపు తీస్తే చాలు, చల్లటి ఆవిరి కమ్ముకుని సరుకు బండి నడిపే డ్రైవరుకు ఎదుట ఏముందో కనబడదు. అందుకని ఒంటి వేడిని పట్టి చూపే కెమెరాను బండికి బిగించి, ఆ వేడి బొమ్మ మనిషిదో కుక్కదో తేల్చే ఏఐని తయారుచేశాడు. మనిషైతే బండి దానంతటదే ఆగుతుంది. కుక్కైతే హారన్ మాత్రం కొడుతుంది. లోపలికి దూరే ప్రతి కుక్కకూ ఆగుతూ పోతే సరుకు ఎప్పటికి దిగేను! ఆ రోజే మేనేజరుకి దాన్ని చూపించడం. నచ్చితే ఇంజనీరు ఉద్యోగం ఖాయమవుతుంది.

అదే గోదాములో నేల తుడిచే ఆమె అతని పిన్ని. తల్లి పోయాక పెంచి, చదివించి, ఇంతవాణ్ని చేసిన మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వస్తారు. గేటు దగ్గర మాత్రం అతను గబగబా ముందుకు వెళ్లిపోతాడు. ఎందుకని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగనివాళ్ల ముందు మనకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది లెండి.

మేనేజరూ పరివారమూ గోదాములోనే కెమెరా బొమ్మ చూపే పెద్ద తెర ముందు కుర్చీలేసుకున్నారు. బండి కదిలింది. గుమాస్తా అడ్డొచ్చాడు. తెరమీద అతని చుట్టూ గీత పడి, పక్కన "మనిషి" అని వచ్చింది. బండి ఆగింది. చప్పట్లు మోగాయి. ఇంజనీరు మొహం చేటంత అయింది.

బండి మళ్లీ కదిలి మలుపు తిరిగింది. అక్కడ పిన్ని మోకాళ్లమీద వంగి, రెండు చేతులా బ్రష్షు పట్టి నేల రుద్దుతోంది. ఆమె చుట్టూ గీత పడింది. పక్కన "కుక్క" అని వచ్చింది. హారన్ మోగింది గాని బండి ఆగలేదు. దగ్గరికొచ్చాక ఆమెను చూసి డ్రైవరే బ్రేకు తొక్కాడు.

"ఏమండీ ఇంజనీరుగారూ, మా మనుషుల్ని కుక్కల్లో కలిపేశారే!" అని మేనేజరు పకపకా నవ్వాడు. కుర్చీల్లోవాళ్లూ నవ్వారు. ఇంజనీరూ నవ్వాడు. "ఆమె మా పిన్నండీ" అంటే సరిపోయేది. ఆ ముక్కకు బదులు నవ్వే బయటికొచ్చింది. పిన్ని లేచి తెరవంక చూసింది, వాళ్లవంక చూసింది, మళ్లీ వంగి పని చూసుకుంది.

తప్పు వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏఐకి నేర్పిన వీడియోల్లో మనుషులంతా ఆఫీసువాళ్లే, నిలబడేవాళ్లూ నడిచేవాళ్లూ. వంగి కదిలేవన్నీ వాకిట్లో తిరిగే కుక్కలు. మోకాళ్లమీద పనిచేసే మనిషిని కూడా తీయాలని అతనికి తట్టనే లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నది ఆ వంగిన వీపునే!

"తుడిచేవాళ్లని కూడా తీసి నేర్పించండి, అంతేగా" అన్నాడు మేనేజరు తేలిగ్గా. ఉద్యోగానికి ఢోకా లేదన్నమాట.

మధ్యాహ్నమంతా పిన్ని కెమెరా ముందు వంగింది. "కొంచెం ఎడంపక్కకి జరగండి" అన్నాడతను. మేనేజరు పక్కనే ఉన్నాడు మరి.

"ఇలాగా సార్?" అంది పిన్ని.

సాయంత్రానికి ఆమె బొమ్మ పక్కన "మనిషి" అని రావడం మొదలైంది. ఈసారి చప్పట్లు అతనికి చేదుగా వినబడ్డాయి.

ఇంటికొచ్చాక ఆమె కూరలు తరుగుతుంటే ఎదురుగా కూలబడ్డాడు.

"పిన్నీ, పొద్దున ఆ యంత్రం..."

"దానికేం తెలుసురా, పాపం."

"అందరూ నవ్వుతుంటే నేను కూడా..."

"చూశాన్లే" అంది ఆమె, చాకు ఆపకుండానే. "నేను లేచి నిలబడేసరికి మేనేజరు తల తిప్పేసుకున్నాడు. డ్రైవరు అసలు నవ్వనే లేదు. అందరూ ఆపేశాక కూడా నవ్వుతూ ఉన్నది నువ్వొక్కడివేరా."