రెండు లెన్సులు, ఒక బట్టల తాడు

తెల్లారగానే నూకన్న వాకిట్లోకి వచ్చి, నోరు పుక్కిలించి, ఎదురుగా ఉన్న తమ్ముడి ఇంటివైపు తిరిగి మొదటి తిట్టు తిడతాడు. అక్కడ పోలిరాజు అప్పటికే లుంగీ ఎగ్గట్టి సిద్ధంగా ఉంటాడు. అండమాన్ ఒడ్డున ఉన్న ఆ వండూరులో చుట్టుపక్కలవాళ్ళకి గడియారం అక్కర్లేదు. ఈ తిట్లు విని పొయ్యి వెలిగించుకుంటారు.

ఒక్కో తిట్టుకీ ఆ రెండిళ్ళ మధ్య వాకిలి సాగుతుంది. చిన్న తిట్టయితే బెత్తెడు. అమ్మ ఒక్కతే కాబట్టి అమ్మనెత్తి తిట్టుకోవడం ఇద్దరికీ కుదరదు. అందుకని పెళ్ళాల పుట్టింటివాళ్ళని ఎత్తుకుంటారు. అలాంటి తిట్టుకి మూరెడు సాగుతుంది. ఒకప్పుడు ఆ ఇంట్లో తాలింపు వేస్తే ఈ ఇంట్లో తుమ్మేవారు. ఇప్పుడు ఆ గుమ్మంలో నిలబడింది ఆడమనిషో మగమనిషో తెలియాలంటే కళ్ళు చికిలించుకోవాలి. దీనికి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. జెట్టీ మీద నిలబడితే సముద్రంలో కనబడే చిన్నచిన్న దీవులన్నీ ఒకప్పుడు ఇలా కొట్టుకున్న అన్నదమ్ముల ఇళ్ళేనని అందరికీ తెలుసు.

ఇబ్బందల్లా నూకన్న భార్య కామమ్మది. కలిసున్న రోజుల్లో రెండిళ్ళకీ కలిపి ఒకే బట్టల తాడు కట్టారు. ఒక కొస ఈ ఇంటి కొబ్బరిచెట్టుకి, రెండో కొస ఆ ఇంటి గుంజకి. తోడికోడలు దేముడమ్మ తన సగంలో తను, కామమ్మ తన సగంలో తను ఇప్పటికీ ఆరేసుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూడరు. తాడు మాత్రం బిగిసి వీణ తీగలా మోగడం మొదలెడితే, కామమ్మే పాత వల తాడు ముక్క ఒకటి తెచ్చి అతుకు వేస్తుంది.

గొడవ పసుపు దగ్గర మొదలైంది. కొత్త డోంగీ పడవ నీళ్ళలోకి దిగేముందు ఇంటి పెద్దకోడలు దాని ముక్కుకి పసుపు రాయాలి. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వాళ్ళతోపాటు వచ్చిన ఆచారం అది. పోలిరాజు ఇంజిన్ డోంగీ తెచ్చుకున్న రోజుల్లో కామమ్మ పుట్టింటివాళ్ళెవరో పోయి మైల వచ్చింది. మైల తీరేదాకా ఆగమన్నాడు నూకన్న. అవతల చేపలు మంచి జోరుమీద పడుతున్నాయని పోలిరాజు ఆగలేదు, దింపేశాడు. "నా పెళ్ళాం సెయ్యి నీకు పనికిరాదేట్రా?" అన్నాడు నూకన్న. ఆ మాటకి వాకిలి మొదటిసారి జరిగింది. ఆ డోంగీ ముక్కుకి మాత్రం ఇప్పటికీ పసుపు లేదు. దేముడమ్మ రాయబోతే, అది వదిన రాయాల్సిందని పోలిరాజే చెయ్యి పట్టుకు ఆపాడట. ఈ సంగతి నూకన్నకి తెలిసినా తెలియనట్టే ఉంటాడు.

నూకన్న కొడుకు గణేశ్వరరావుకి పోర్ట్ బ్లెయిర్‌లో, గోల్ ఘర్ దగ్గర ఫోటో స్టూడియో ఉంది. మొదటి కెమెరా కొనిచ్చింది బాబాయి పోలిరాజే. గొడవ వచ్చాక నూకన్న ఆ కెమెరాని ముట్టుకోవద్దని మేకుకి తగిలించేశాడు. బాబాయితో మాట్లాడొద్దన్నాడు. గణేశ్వరరావు మాట్లాడటం మానేశాడు. ఇష్టం లేకపోయినా, తండ్రి తిట్టేటప్పుడు పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఆ వర్షాకాలం ముందు, షిప్పులో పనిచేసే జోగులు రెండు లెన్సులు తెచ్చి స్టూడియోలో పెట్టాడు. ఒకటి వైడు, ఒకటి జూము.

"ఒక్కటే ఉంచుకో భయ్యా. రెండోది మళ్ళీ నాతో ఎల్లిపోద్ది. ఇంటికి తీసుకెళ్ళి చూసుకో."

గణేశ్వరరావు స్టూడియో కెమెరాతోపాటు రెండూ సంచిలో వేసుకుని వండూరు బస్సెక్కాడు. ఇంట్లో చూపించడమే అతను చేసిన తప్పు.

నూకన్న ముందు జూమ్ పట్టుకున్నాడు. కొడుకు చెప్పినట్టు రింగు తిప్పాడు. తమ్ముడి ఇల్లు ముక్కు మీదకి వచ్చేసింది.

"అరే! దేముడమ్మ ఏం సేప ఏపుతుందో కూడా అవుపడతందిరా! కోనాం! నా ఒలలో పడాల్సిన కోనాం అది!"

ఇంకొంచెం తిప్పితే పోలిరాజు మొహం వచ్చింది. మీసం నెరిసింది, ముందు పన్ను ఒకటి ఊడింది. ఇన్నాళ్ళూ తెలియని సంగతులు. నూకన్న వాటిమీద అప్పటికప్పుడు కొత్త తిట్లు కట్టాడు. అవి వెళ్ళి సరిగ్గా తగిలాయి కాబోలు, అటునుంచీ ఘాటైనవే వచ్చాయి. మధ్యాహ్నానికి కామమ్మ తాడుకి రెండోసారి అతుకు వేసింది.

తర్వాత వైడు పెట్టి చూశాడు. "ఇదేట్రా, ఆడిల్లు అగ్గిపెట్టంతైపోనాది. బాగానే ఉంది గానీ, మొకం అవుపడకపోతే ఎలాగ తిట్టడం? జూమే ఉంచు. అంతే, బస్."

వాకిలి నడిమధ్యలో వలల పాక ఉంది. నూకన్న తల్లి ముసలమ్మ అందులో ఉంటుంది. ఏ కొడుకు ఇంటికీ పోనని మధ్యలో కూర్చుంటే రెండిళ్ళూ ఆమెకి దూరమైపోయాయి. ఏ ఇంటి నుంచి గంజి పట్టుకెళ్ళినా దారిలోనే చల్లారిపోయేది. గణేశ్వరరావు ఆమెకీ రెండూ చూపించాడు. జూమ్‌లో ఒక కొడుకుని చూస్తుంటే రెండోవాడు పోయేవాడు. వైడులో చూసి ముసలమ్మ చాలాసేపు కెమెరా దించలేదు.

"ఇందులో ఇద్దరూ ఉన్నార్రా."

"నలుసుల్లాగ ఉన్నారు మామ్మా. ఇది తిప్పితే తిరిగేది కాదు. మొకాలు తెలియాలంటే ఇద్దరూ నీ దగ్గిరికి నడిసి రావాల."

"అయితే ఇదే ఉంచు. జూమైతే ఆళ్ళు గుమ్మం దిగక్కర్లేదు."

ఆ పౌర్ణమి పోటుకి పాకలో మట్టి తడిసింది. ముసలమ్మ వేలితో అద్ది నాలిక్కి రాసుకుంది. ఉప్పగా ఉంది. అంటే ఏమిటో ఆ ఒడ్డున పిల్లాడికైనా తెలుసు. వాకిలి సాగి సాగి పలచబడిపోయింది, అమావాస్య పోటుకి తెగుతుంది. పాక మునుగుతుంది, అటు ఇల్లు దీవైపోతుంది. కామమ్మ వచ్చి రమ్మంది. దేముడమ్మ వచ్చి రమ్మంది. ముసలమ్మ కదల్లేదు.

"ఇద్దరు కొడుకుల్తో ఒక్క ఫోటో తీయించండి. అప్పుడు ఎవులింటికి రమ్మంటే ఆళ్ళింటికొస్తాను."

గణేశ్వరరావు జూమ్ జోగులుకి ఇచ్చేశాడు. ఆ రాత్రి నూకన్న అన్నం ముట్టలేదు. "నా కొడుకువి కావు నువ్వు, ఆడి కొడుకువి," అన్నాడు. గణేశ్వరరావు వైడు లెన్సు తుడిచి కెమెరాకి తగిలించుకున్నాడు.

అమావాస్య పొద్దున్న ముసలమ్మని పాక ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎండ వీపు వెనక ఉండాలని తను కాస్త పక్కకి, బాబాయి ఇంటి వైపు నిలబడ్డాడు. అన్నదమ్ములిద్దరూ తల్లి మాట కాదనలేక బయలుదేరారు గానీ, నోళ్ళు ఊరుకుంటాయా. నాలుగడుగులు నడవడం, ఒక తిట్టు తిట్టడం. నడిచినంతా వాకిలి సాగిపోయేది. సగం పూట నడిచి ఇద్దరూ చెమటతో తడిసిపోయారు. తల్లికి ఒక్క అడుగు దగ్గర కాలేదు. ఈలోపు పోటు పాక గుంజల దాకా వచ్చింది.

గణేశ్వరరావు కెమెరా కంటికి ఎత్తి స్టూడియో గొంతుతో అరిచాడు: "తీస్తన్నాను! నోళ్ళు మూసుకోండి!"

ఇద్దరూ బిర్రబిగుసుకుపోయారు. ఫోటో అనగానే ఊపిరి బిగబట్టే మనుషులు వాళ్ళు.

"నాన్నా, నువ్వు ఫ్రేములో లేవు. ముందుకి రా. బాబాయ్, నువ్వూ. ఇంకా. ఇంకా రావాల."

బాబాయ్ అని పిలిచి ఎన్నాళ్ళయిందో. ఫ్రేములో లేరన్నది పచ్చి అబద్ధం. ఆ లెన్సులో కొబ్బరిచెట్లతో సహా అందరూ ఉన్నారు. కానీ నోరు మూసుకుని నడిచేసరికి, నడిచినంతా వాకిలి ముడుచుకుంది. చూస్తుండగానే రెండిళ్ళూ దగ్గరపడ్డాయి. బట్టల తాడు జారి నేలకంటింది. అన్నదమ్ములు తల్లికి చెరోపక్కా వచ్చి నిలబడ్డారు. ముసలమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుంది.

పోటు తీసేదాకా మీట నొక్కకూడదనుకున్నాడు గణేశ్వరరావు. అంతసేపూ వాళ్ళని అలాగే నోరు మూయించి నిలబెడదామనుకున్నాడు. కానీ ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి వేలు ఆగలేదు. నొక్కిన వెంటనే, ఫోటో అయిపోయిందని స్టూడియోలో ఏళ్ళ తరబడి అనే మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"హో గయా!"

బిగబట్టిన తిట్లన్నీ ఇద్దరికీ ఒక్కసారే బయటపడ్డాయి. ఎవరి పెళ్ళాం తాతముత్తాతలూ మిగల్లేదు. వాకిలి కాళ్ళకింద చీలింది. నూకన్న తల్లిని ఎత్తుకుని ఇటు గెంతాడు, పోలిరాజు అటు గెంతాడు. పాక కొట్టుకుపోయింది. బట్టల తాడు మాత్రం తెగకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి బిగిసి నిలిచింది. మధ్యలో సముద్రం నిండాక చూస్తే, గణేశ్వరరావు కెమెరాతో సహా పోలిరాజు ఒడ్డున ఉన్నాడు.

రెండు తెడ్లు వేస్తే దాటే కాలవ కాదా అంటారేమో. కాలవ సంగతి కాదు. నూకన్న తన డోంగీ పంపలేదు. "పసుపు లేని డోంగీ నా ఒడ్డుకి తగలకూడదు. అందులో కాలెట్టినోడు నా గడప తొక్కకూడదు," అని అరిచాడు. కామమ్మ ఏడ్చింది, గుండెలు బాదుకుంది. అతను వినలేదు. గణేశ్వరరావు బాబాయి ఇంట్లోనే ఉండిపోయి, రోజూ ఆయన డోంగీలోనే జెట్టీకి వెళ్ళి గోల్ ఘర్ బస్సెక్కేవాడు. ఎవరిచేతో ఫోటో పంపించాడు. ముసలమ్మ దాన్ని గోడకి పెట్టించుకుంది. ఫోటోలో ఇద్దరు కొడుకులూ నోళ్ళు మూసుకుని ఉన్నారు.

షిప్పు మళ్ళీ వచ్చినప్పుడు నూకన్న ఎవరికీ చెప్పకుండా వెళ్ళి జోగులు దగ్గర ఆ జూమ్ తెచ్చుకున్నాడు. మేకుకున్న పాత కెమెరా దించి దానికి తగిలించాడు. అందులో రీలు లేదు.

"పోలిగాడు ఏటి తింటన్నాడో సూడాల," అన్నాడు కామమ్మతో.

పొద్దున్నే తిట్టడానికి నోరు తెరిచి, రింగు తిప్పేవాడు. గుమ్మంలో కొడుకు కనబడేవాడు. దేముడమ్మ పెట్టిన గంజి తాగుతూ, బాబాయితో ఏదో చెప్పి నవ్వుతూ. తిట్టు గొంతులోనే ఉండిపోయేది. కెమెరా దించి తిడదామంటే, దించబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు తెల్లారేసరికి ఆకాశం నల్లగా ఉంది, సముద్రం పొంగుతోంది. పోలిరాజు డోంగీ తోశాడు. గణేశ్వరరావు కెమెరా సంచిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ముందుకెళ్ళి ముక్కు దగ్గర కూర్చున్నాడు. నూకన్న రింగు చివరిదాకా తిప్పాడు. కొడుకు మోకాళ్ళు, వాటి ముందు చెక్క. బోడి చెక్క. పసుపు చుక్క లేదు. పసుపు లేని డోంగీ ఎన్నాళ్ళు తిరుగుద్దో సూస్తానని ఇన్నేళ్ళూ అందరి ముందూ అంటూ వచ్చిన మాట గుర్తొచ్చింది. అల ఒకటి లేచి ఆ ముక్కుని పైకెత్తి కిందకి కొట్టింది. కొడుకు రెండు చేతులతోనూ చెక్క పట్టుకున్నాడు.

"ఒలే కామా."

కామమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. నూకన్న కెమెరా దించలేదు, వెనక్కి తిరగలేదు.

"ఇంట్లో పసుపుందా?"

కామమ్మ లోపలికి వెళ్ళి పసుపు గిన్నె చెంగు కింద పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పుడే చూసింది. బట్టల తాడు జానెడు వదులైంది. దానిమీద ఆరేసిన నూకన్న లుంగీ అంచు కాలవ నీళ్ళలో తడుస్తోంది.