కాంతమణి తొక్కే దారి

పొద్దున్నే మెట్టుగూడలో రోడ్డు పైకి లేచే ఎక్కుడు మొదట్లో ఉన్న ఇరానీ హోటల్ ముందు సైకిళ్లు వచ్చి ఆగేవి. రేకు డబ్బాల్లో బ్రెడ్డూ బన్నులూ నింపి వెనక కట్టుకున్న ముసలి యెషయా అందరికంటే ముందుండేవాడు. తర్వాత పాలక్యాన్ల మనిషి, వర్క్‌షాపు ఫిట్టర్లు, ఆఖర్న నేరేడ్‌మెట్ నుంచి పైడిబాబు. ఒక్కరూ ఎక్కుడు ఎక్కే ప్రయత్నం చేసేవాళ్లు కాదు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ మల్కాజిగిరి వైపు చూస్తూ నిలబడేవాళ్లు.

"అగో, వస్తున్నది టీచరమ్మ" అనేవాడు యెషయా.

కాంతమణి మౌలాలి రైల్వే కాలనీ నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి. ఆకుపచ్చ లేడీస్ సైకిలు, నడుముకి దోపిన కొంగు, హ్యాండిల్‌కి వేలాడే టిఫిను డబ్బా. ఆమె తొక్కితే ఏ దారైనా పల్లమే. పోయేటప్పుడూ పల్లమే, వచ్చేటప్పుడూ పల్లమే. ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో ఎవరు తొక్కినా వాళ్లకీ అంతే. కొందరు పుట్టుకతోనే ఎడమచేతి వాటం అయినట్టు ఆమెకి ఇది పుట్టుకతో వచ్చిందని కాలనీలో అనుకునేవాళ్లు. ఒకసారి రోడ్డు రోలరు డ్రైవరు కూడా ఇంజను ఆపేసి ఆమె కోసం కూర్చున్నాడు.

"నడువుండ్రి, నడువుండ్రి" అని ఆమె గంట కొట్టగానే అందరూ చుట్టూ చేరేవాళ్లు. సైకిళ్ల గుంపు మెట్టుగూడ ఎక్కుడు మీద జారుడుబండ మీద పిల్లల్లా జారుకుంటూ పైకి పోయేది. పైన ఎవరి దారి వాళ్లది. ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు. కలిసేది ఆ కాసేపే.

పైడిబాబుది విజయనగరం అవతల చిన్న ఊరు. కంప్యూటర్ల పేరు చెప్పి కుర్రాళ్లంతా హైదరాబాదు రైలెక్కేస్తున్న రోజులవి. అతనూ ఎక్కాడు. పాట్నీ సెంటర్లో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో కుదురుకున్నాడు. అమెరికా డాక్టర్లు మాట్లాడింది హెడ్‌ఫోన్లో విని టైపు చేసి పంపడం ఆ కంపెనీ పని. ఆఫీసులో అతని పేరు బాబీ. ఉండేది మారేడ్‌పల్లి. రోజూ మావయ్య కార్లో దింపి వెళ్తాడు. ఇవన్నీ అతను తన గురించి తాను చెప్పుకున్నవి. 'ఏటి' అనే తన ఊరి మాట నోటి చివరి దాకా వచ్చినా వెనక్కి మింగేసేవాడు.

నిజానికి రోజూ సైకిలు దాచేది కాంతమణి దగ్గరే. రెజిమెంటల్ బజార్లో ఒక మేడ కింద ఆమె టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేది. వెనక వసారాలో సైకిలు పెట్టి, కుళాయి కింద మొహం కడుక్కుని, చెమట చొక్కా విప్పి ఉతికింది తొడుక్కుని, ఆఫీసుకి నడిచి వెళ్లేవాడు. ఎందుకు దాస్తున్నావని ఆమె ఎన్నడూ అడగలేదు. ఒక రోజు కుళాయి దగ్గర సబ్బుపెట్టె కనిపించింది. ఇంకో రోజు మేకుకి చిన్న అద్దం.

"టై వంకరయింది తమ్మీ, జెర సక్కగ చేసుకో" అనేది లోపలి నుంచి. అంతే.

ఆ ఏడాది మేడ యజమాని ఇన్‌స్టిట్యూటు ఖాళీ చేయమన్నాడు. అక్కడ కంప్యూటర్ సెంటరు వస్తుందట. టైపు నేర్చుకునే పిల్లలు ఎలాగూ తగ్గిపోయారు. ఒక సాయంత్రం కాంతమణి మిషన్ మీద గుడ్డ కప్పుతూ, "మీ ఆఫీసుల సుత టైపే కదా తమ్మీ. నా అసుంటోళ్లను తీసుకుంటరా?" అంది.

"కనుక్కుంటానక్కా" అన్నాడు పైడిబాబు. కనుక్కోలేదు.

వారం తిరగకుండా ఆఫీసు వాళ్లు పేపర్లో ప్రకటన వేశారు. కాంతమణి తనంతట తానే వచ్చింది. పైడిబాబు హెడ్‌ఫోన్ పెట్టుకుని పనిలో ఉన్నాడు. ఎవరో భుజం తడితే తల తిప్పాడు. టీం లీడరు హేమచంద్ర. అతని వెనక, ఇస్త్రీ చీరలో, చేతిలో సంచీతో కాంతమణి.

"బాబీ, ఈవిడ టెస్టు బ్రహ్మాండంగా చేశారయ్యా. వయసు చూసి పైవాళ్లు వద్దంటున్నారు. మనవాళ్లలో ఒకరు తెలుసంటే నేను ఒప్పించుకుంటాను. నీ పేరు చెప్పారు. రోజూ మీరిద్దరూ సైకిళ్ల మీద కలిసి వస్తారటగా?"

పక్క సీట్లో దేవిశ్రీ హెడ్‌ఫోన్ తీసి ఇటు తిరిగింది. వెనక ఎవరో "సైకిలా!" అన్నారు. పైడిబాబు చెవులు కాలిపోయాయి. మావయ్య కారు, మారేడ్‌పల్లి, బాబీ, అన్నీ ఒక్కసారి కుప్పకూలబోతున్నట్టు అనిపించింది.

"లేదు సార్. ఈవిడెవరో నాకు తెలీదు. ఎవర్ని చూసో పొరబడి ఉంటారు."

మాట బయటికొచ్చాక కాంతమణి వైపు చూశాడు. ఆమె అతని మొహం చూసింది, తర్వాత అతని టై చూసింది.

"అవును సారూ, నాదే పొరపాటు. ఆ పిల్లగాడు వేరే. మాఫ్ చేయుండ్రి" అంది మెల్లగా.

హేమచంద్ర మొహం బిగుసుకుపోయింది. "పేరు చెప్పి మరీ అడిగారు కదమ్మా! ఇలా చెప్పి ఉద్యోగాలు అడక్కూడదు" అని ఆమెను తలుపు దాకా సాగనంపాడు.

సాయంత్రం సైకిలు కోసం వెళ్లక తప్పలేదు. కాంతమణి మిషన్లను గోనెసంచుల్లో కడుతోంది. తలెత్తకుండా, "తాళం తీసే ఉంది తమ్మీ" అంది. వసారాలో సైకిలు తుడిచి ఉంది. ఒక్క మాటైనా ఆడాలని గుమ్మంలో నిలబడ్డాడు. చివరికి సైకిలు తీసుకుని దొంగలా బయటపడ్డాడు.

మర్నాటి నుంచి దారి మార్చేశాడు. తిరుమలగిరి, కార్ఖానా మీదుగా చుట్టు తిరిగి, ఒక టైర్ల కొట్టు వెనక సైకిలు పెట్టి ఆఫీసుకి వెళ్లేవాడు. ఎవరిదైనా సైకిలు గంట వినిపిస్తే ఉలిక్కిపడేవాడు. అద్దంలో టై సరిచేసుకోవడం మానేశాడు.

కొన్నాళ్లకి కంటోన్మెంటు రోడ్డు పెరేడ్ కోసం మూసేస్తే మెట్టుగూడ వైపు రావలసి వచ్చింది. ఆమె కనబడితే ఎలా అని ప్రతి సైకిలునీ తేరిపార చూస్తూ వచ్చాడు. హోటల్ ముందు సైకిళ్లు లేవు. ఎక్కుడు సగంలో యెషయా ఒక్కడే బ్రెడ్డు డబ్బాల సైకిలు తోసుకుంటూ, అడుగడుక్కీ ఆగుతూ పోతున్నాడు. పైడిబాబు దిగి, తన సైకిలు ఒక చేత్తో నడిపిస్తూ రెండో చెయ్యి డబ్బాల మీద వేసి తోశాడు.

"ఎన్ని దినాలకు బాబూ! అందరం చెదిరిపోయినం చూడు. టీచరమ్మ సైకిల్ తొక్కుడు బంద్ చేసింది కదా" అన్నాడు యెషయా రొప్పుతూ.

"ఎందుకు?"

"ఏమో. ఏదో ఆఫీసుల అబద్ధమాడిందని వెళ్లగొట్టిన్రట. బజార్ల చెప్పుకుంటున్నరు. నువ్వే చెప్పు, ఆమె అబద్ధమాడుతదా?"

యెషయా అతని జవాబు కోసం ఆగాడు. ఆగినవాడు అలాగే గుండె పట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డాడు. సైకిలు పడిపోయి, డబ్బాలు తెరుచుకుని, బన్నులు దుమ్ములో దొర్లాయి.

"తాతా! తాతా! ఏటయింది?"

ముసలాయన మొహం బూడిదరంగులోకి తిరిగిపోతోంది. ఆఫీసుల వేళ. ఆటోలన్నీ జనంతో కిక్కిరిసి పోతున్నాయి. ఒక ఆటో అతను ఆగి, పడిన మనిషిని చూసి, బండి ముందుకి పోనిచ్చాడు. పైడిబాబు యెషయాని లేపి తన సైకిలు వెనక కూర్చోబెట్టుకున్నాడు. తువ్వాలుతో ఆయన్ని తన నడుముకి కట్టుకుని పెడలు మీద నిలబడ్డాడు. సైకిలు మూరెడు కదిలి ఆగిపోయింది. ఎదురుగా ఎక్కుడు గోడలా నిలబడి ఉంది.

అవతల బస్టాపులో, అప్పుడే బస్సు దిగి, గొడుగు పట్టుకుని కాంతమణి నిలబడి ఉంది.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె గొడుగు మడిచి బెంచీ మీద పెట్టింది. రోడ్డు దాటి వచ్చి, పడి ఉన్న యెషయా సైకిలు లేపి, డబ్బాల తాడు విప్పి పారేసింది. ఎత్తయిన మగవాళ్ల సైకిలది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి, బస్టాపు జనమంతా చూస్తుండగా కాలు అటు వేసి ఎక్కింది. పైడిబాబు పక్కకి వచ్చి, ఒక చెయ్యి యెషయా భుజం మీద వేసింది.

"తొక్కు" అంది.

తొక్కాడు. ఎక్కుడు కదల్లేదు. ఆమె మొహంలో భయం కనిపించింది. అలవాటు తప్పిన చేత్తో ముగ్గేసేదానిలా కళ్లు రోడ్డు మీదే పెట్టి, పళ్లు బిగించి ఇంకో తొక్కు తొక్కింది, మరొకటి తొక్కింది. అప్పుడు దారి మెల్లగా ముందుకి ఒరిగింది.

ఆ తర్వాత పెడళ్లతో పనే లేకపోయింది. ఆలుగడ్డబావి, స్టేషను అన్నీ పల్లమే. పెద్దాసుపత్రి గేటులోకి రెండు సైకిళ్లూ గాలిలా దూసుకుపోయాయి.

చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, వేళకి తెచ్చారు, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు అని చెప్పి వెళ్లాడు. వరండా బల్ల మీద ఇద్దరే మిగిలారు. పైడిబాబు నేల చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, నా మీద కోపం ఉంటాది..."

"కోపం రాలే తమ్మీ" అంది కాంతమణి. "సిగ్గయింది. గిన్నేండ్లు సైకిల్ తొక్కిన, ఎన్నడూ కాలే. నన్ను ఎరుకే అని చెప్పుకునేందుకు నీ అసుంటి పిల్లగాడు గంత భయపడ్డడంటే నాల ఏదో ఉన్నది కావొచ్చు అనిపించింది. ఆ దినం సంది సైకిల్ ముట్టాలంటే అందరు నన్నే చూస్తున్నట్టుండె. బస్సెక్కిన."

తిట్టి ఉంటే భరించేవాడు. తన ఒంట్లో ఉన్న జబ్బే ఆమెకీ అంటించాడని అప్పుడు తెలిసింది. తాను సైకిలు దాస్తే పోయింది వసారాలో ఒక మూల. ఆమె దాస్తే ఒక ముసలాయన ప్రాణం పోయేదాకా వచ్చింది. బల్ల దిగి బయటికి నడిచాడు.

ఆ రోజు సైకిలు ఆఫీసు మెట్ల ముందే స్టాండు వేశాడు. చొక్కా మీద దుమ్ము, చెమట. తిన్నగా హేమచంద్ర ముందుకెళ్లి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"సార్, ఆ రోజు అబద్ధమాడింది ఆవిడ కాదండి, నేను. నాకు మావయ్యా లేడు, కారూ లేదు. నేరేడ్‌మెట్ నుంచి సైకిలు మీదొస్తాను. ఆవిడ వసారాలోనే సైకిలు దాచుకునేవాణ్ణి."

దేవిశ్రీ చూపు దించేసుకుంది.

"నువ్వు సైకిలు మీదొస్తే ఇక్కడ ఎవరికి పట్టిందయ్యా!" అన్నాడు హేమచంద్ర. "ఆవిడ తలుపు దగ్గర కూడా ఇంకోసారి నన్ను క్షమించమని అడిగి వెళ్లింది, తెలుసా? రేపు పిలుచుకురా. నేనే మాట్లాడుకోవాలి ఆవిడతో."

ఎవరికీ పట్టని దాని కోసం అంత పని చేశాడు. ఆ మాట ఆఫీసు అంతా చూసిన చూపుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం మౌలాలి వెళ్లాడు. కాంతమణి సైకిలు గోడకి ఆనించి ఉంది, టైర్లు నేలకి అంటుకుపోయాయి. వీధి చివరి కొట్లో పంపు అడిగి తెచ్చి గాలి కొట్టాడు, గొలుసుకి నూనె వేశాడు. చప్పుడు విని ఆమె బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. రేపు ఆఫీసుకి రమ్మని హేమచంద్ర అన్న మాట ఆమెకి చెప్పాడు. ఆమె టైర్ల వైపే చూసింది.

"ఇగ చాలు తమ్మీ, గాలి ఎక్కువైతే పగుల్తది" అంది.

మర్నాడు ఆమె ఇరానీ హోటల్ దగ్గరికి సైకిలు మీదే వచ్చింది. పాలక్యాన్ల మనిషీ ఫిట్టర్లూ కబురంది ముందే చేరారు. యెషయా కోలుకుంటున్నాడని ఆమె చెబితే వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. గంట మోగింది. గుంపు పైకి జారిపోయింది. పైడిబాబు మాత్రం కావాలనే వెనక ఆగి, ఆమె చేతికందని దూరంలో ఒక్కడే తొక్కాడు. తొడలు మండాయి. ఊపిరి అందలేదు. రెండుసార్లు దిగి తోశాడు.

పైన కాంతమణి ఒక కాలు నేల మీద ఆనించి అతని కోసం ఆగి ఉంది.

"ఏం తమ్మీ, పక్కకు రాకపోతివి?"

అతను చెమట తుడుచుకున్నాడు. తలెత్తి ఆమె మొహం చూడటానికి ఇంకా ధైర్యం చాలలేదు.

"కొన్నాళ్లు నా అంతట నన్నే ఎక్కనియ్యక్కా" అన్నాడు.