గురవయ్య సారు దగ్గు

మా ఆఫీసులో నా నక్షా ఏదైనా పైకి పోవాలంటే గురవయ్య సారు సంతకం పడాలి. ఎనభై మూడో సంవత్సరం, కలకత్తాలో భూమికింద రైలు కోసం మా ఆఫీసు తవ్విస్తున్న రోజులు. సొరంగంలో నిప్పంటుకుంటే పొగ ఎటు పోవాలి, జనానికి మంచిగాలి ఎటునుంచి రావాలి అని నాలుగేళ్లు లెక్కలు కట్టి నేనొక నక్షా గీశాను.

"కాగితం మీద గాలి బాగానే వీస్తుందయ్యా రామనర్సయ్యా. నేను లోపల కూర్చుని చూడాలి," అన్నారు సారు. సంతకం పడకపోతే నాకు మళ్లీ ఇతరుల నక్షాలకు నకళ్లు తీసే ట్రేసింగు బల్లే గతి.

మాడుగులపల్లిలో మా గొర్రెల దొడ్డి పక్కన, కాలువ పనుల్లో మిగిలిన సిమెంటు తూములున్నాయి. సెలవు పెట్టి ఊరికొచ్చి వాటిని వరుసగా కలిపాను. ఒక కొసన మిర్యాలగూడ రైస్‌మిల్లులో గాలి ఊదే పాత బ్లోయరు ఫ్యాను, రెండో కొసన ఇంటికప్పు దాటే పొగగొట్టం, దాని కింద తడిగడ్డి వేసిన కుంపటి. నడుమ సారుకు పీట.

ఆదివారం సారు, తానూ సెలవు మీద వచ్చి ఉన్న సొంతూరు కోదాడ నుంచి బస్సులో వచ్చి, తూములోకి దూరి కూర్చున్నారు. ఊరంతా గుమిగూడింది. బ్లోయరు వేశాను. పొగ సారు వైపు చూడకుండా గొట్టం పట్టుకుని పైకి పోయింది. నాకు ఈల వేయాలనిపించింది.

అంతలో మా అమ్మ బక్కమ్మ లబలబలాడుతూ వచ్చింది.

"కొడుకా, సారుకు దిష్టి తీసి పిడికెడు మిరపకాయలు కుంపట్ల ఏసిన. ఒక్క దగ్గన్న దగ్గలే! ఇంకో పిడికెడేసిన. అయినా దగ్గలే! గంత దిష్టి తగిలింది!"

కాల్చిన మిరపకాయలు ఘాటెక్కకపోతే దిష్టి గట్టిదని మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. నాకు ఒళ్లు మండింది.

"దిష్టి కాదమ్మా, అది నా ఫ్యాను!"

"అయితే గదే అడ్డం పడ్డది," అని మోటారు బందు చేసేసింది.

రెండు పిడికిళ్ల ఘాటు తూమంతా కమ్మింది. సారు దగ్గిన దగ్గుకు గొర్రెలు దడి దూకాయి. కళ్లూ ముక్కూ ఏకమై ఆయన పాక్కుంటూ బయటపడ్డారు. నా నక్షా గంగలో కలిసిందనుకున్నాను. ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం సంబరంగా మజ్జిగ తెచ్చింది.

మూడు చెంబులు తాగాక సారు నోరు విప్పారు. "ఇంత ఘాటు ఇందాకటి నుంచీ నా పక్కనే ఉందా? ఫ్యాను తిరిగినంతసేపూ పిసరంతైనా తెలియలేదు కదయ్యా! నక్షా ఇటు తే." తుమ్ముతూనే సంతకం పెట్టారు.

"సూసినవా," అంది అమ్మ. "సారు దగ్గిండు, దిష్టి పోయింది, నీ పనైంది. నీ ఫ్యానును నమ్ముకుంటే పొద్దూకేదాంక గట్లనే కూసుందువు."

ఊరంతా ఔనంది. సారు కూడా తలూపారు, నా ముందే!